రెప్ప పడేలోపే

ఎయిర్‌బ్యాగ్ అనగానే కళ్ల ముందు మెదిలేది ఉబ్బిన సంచి. ఆ సంచి వెనకున్న అసలు కథ ఒక ఉక్కు గోళీది, ఒక చిన్న కెపాసిటర్‌ది, గుప్పెడు రసాయన బిళ్లలది.

1990 మార్చి 12. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, కల్పెపర్ సమీపంలో ఓ రోడ్డు. రెండు కార్లు ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయి. రెండూ క్రైస్లర్ లెబారన్లే. ముందు భాగాలు నుజ్జునుజ్జయినా, నడుపుతున్న ఇద్దరూ చిన్న గాయాలతో బయటపడ్డారు. రెండు స్టీరింగుల్లోంచీ సంచులు విచ్చుకుని తలకూ ఇనుముకూ మధ్య అడ్డం నిలిచాయి. ఢీకొన్న రెండు కార్లలోనూ ఎయిర్‌బ్యాగులు పనిచేసిన తొలి ప్రమాదంగా అది చరిత్రకెక్కింది.

అప్పటికి ఆ సంచి ఆలోచన పుట్టి దాదాపు 40 ఏళ్లు. గాలి నింపిన దిండు మనిషిని కాపాడుతుందని అర్థం చేసుకోవడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. మరి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? సంచి కుట్టడం తెలియక మాత్రం కాదు. ఎప్పుడు తెరుచుకోవాలో సంచికి చెప్పేవాడు లేక. చెప్పేవాడు దొరికాక కూడా, ఆ మాట వినగానే క్షణంలో మండి సంచిని నింపే శక్తిని ఏళ్ల తరబడి చెడకుండా దాచడం ఎలాగో తెలియక.

లెక్క చూస్తే గుండె ఝల్లుమంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దిన కారు పూర్తిగా ఆగిపోవడానికి పట్టేది సుమారు 100 మిల్లీసెకన్లు, అంటే సెకనులో పదో వంతు. కారు ఆగుతుంది కానీ లోపలి మనిషి అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటాడు. అతను 125 మిల్లీమీటర్లు, సుమారు అర జానెడు, జరిగేసరికి సంచి నిండి సిద్ధంగా ఉండాలని ఇంజినీర్లు ఒక సూత్రం పెట్టుకున్నారు. నిండడానికి 30 మిల్లీసెకన్లు కావాలి. ఆ ముప్ఫై తీసేస్తే, ఇది నిజమైన ప్రమాదమా కాదా అని తేల్చుకోవడానికి మిగిలేది 15, 20 మిల్లీసెకన్లే. మనిషి రెప్ప వేయడానికే కనీసం 100 పడుతుంది.

కూతురి మీద చెయ్యి అడ్డం పెట్టిన తండ్రి

1952 వసంతంలో ఒక ఆదివారం, పెన్సిల్వేనియాలో జాన్ హెట్రిక్ అనే ఇంజినీరు భార్యనూ ఏడేళ్ల కూతుర్నీ వెంటబెట్టుకుని షికారుకు బయల్దేరాడు. దారిలో అడ్డం వచ్చినదాన్ని తప్పించబోతే కారు రోడ్డు పక్క గుంటలోకి దిగిపోయింది. ఆ క్షణంలో భార్యాభర్తలిద్దరి చేతులూ వాటంతటవే మధ్యలో కూర్చున్న పాప ముందుకు వెళ్లాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ ఆ చేతుల బదులు అక్కడే ఏదైనా ఉండి, అవసరం పడినప్పుడు ముందుకొస్తే బాగుండునన్న ఆలోచన హెట్రిక్‌ను వదల్లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసినప్పుడు ఆయన ఓ సంఘటన చూశాడు. మరమ్మతులో ఉన్న టార్పిడోలోంచి సంపీడన గాలి ఉన్నట్టుండి బయటికి తన్నింది. దాని మీద కప్పిన కాన్వాస్ గుడ్డ ఒక్కసారిగా ఉబ్బి కప్పుకేసి లేచింది. ఈ రెండింటినీ కలిపి బొమ్మ గీశాడు. ఆగస్టు 5న పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1953 ఆగస్టు 18న అది చేతికొచ్చింది. స్ప్రింగుకు బిగించిన ఒక బరువు. కారు హఠాత్తుగా నెమ్మదిస్తే అది ముందుకు జరిగి కవాటం తెరుస్తుంది. సిలిండర్లోని గాలి సంచిలోకి దూకుతుంది. జర్మనీలో వాల్టర్ లిండరర్ అంతకు కొన్ని నెలల ముందే, 1951 అక్టోబరులో, ఇలాంటిదే దాఖలు చేశాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

కార్ల కంపెనీలకు హెట్రిక్ ఉత్తరాలు రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. పేటెంటు గడువు 17 ఏళ్లు. అది తీరేలోపు ఒక్క కంపెనీ కూడా ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారు అమ్మలేదు, ఆయనకు పైసా రాలేదు. జపాన్‌లో యసుజబురో కొబోరిది ఇంకా బాధాకరమైన కథ. 1960ల్లోనే పూర్తి ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థను రూపొందించి అనేక దేశాల్లో పేటెంట్లు సంపాదించిన ఆయన, ఎయిర్‌బ్యాగులు కార్లలో విరివిగా రావడం చూడకుండానే 1975లో పోయాడు.

వీళ్లను తోసిపుచ్చిన కంపెనీలది పూర్తిగా తప్పని అనలేం. సిలిండర్లోని గాలి 30 మిల్లీసెకన్లలో సంచిని నింపలేదు. స్ప్రింగు బరువు గుంటకూ గోడకూ తేడా చెప్పలేదు. తేడా చెప్పలేని ఎయిర్‌బ్యాగ్ స్పీడ్‌బ్రేకర్ మీద పేలిందంటే ప్రమాదాన్ని ఆపడం పోయి తానే ప్రమాదం అవుతుంది.

గొట్టంలో గోళీ

ఆ తేడా చెప్పగల పరికరాన్ని తెచ్చినవాడు ఆలెన్ బ్రీడ్. ఆయన కార్ల ఇంజినీరు కానే కాదు. ఆయన కంపెనీ సైన్యానికి ఫిరంగి గుళ్ల ఫ్యూజులు, వాటి భద్రతా యంత్రాంగాలు తయారుచేసేది. ఫ్యూజు చేసేవాడి ముందుండే ప్రశ్న ఏమిటి? గుండు చేతిలోంచి జారి కిందపడితే పేలకూడదు. లారీలో కుదుపులకు పేలకూడదు. ఫిరంగిలోంచి దూసుకుపోయాక మాత్రం పేలకుండా ఉండకూడదు. కుదుపులో ఏది ఉత్తుత్తిది, ఏది అసలుది అని లోపలున్న చిన్న లోహపు ముక్కే కనిపెట్టాలి. ఎయిర్‌బ్యాగుకు కావలసింది సరిగ్గా అదే విద్య. చంపే ఆయుధం దగ్గర నేర్చిన విద్యను ప్రాణం కాపాడే పనికి మళ్లించడం ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు. దానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

1967లో బ్రీడ్ క్రైస్లర్ ముందుంచిన పరికరం చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. సన్నని గొట్టం, అందులో బంగారు పూతపూసిన ఉక్కు గోళీ, వెనక దాన్ని పట్టి ఉంచే అయస్కాంతం, ముందు రెండు విద్యుత్ కొనలు. కారు గట్టిగా గుద్దుకుంటే గోళీ అయస్కాంతాన్ని విడిపించుకుని ముందుకు పోయి కొనలను తాకుతుంది. వలయం పూర్తవుతుంది, సంచి తెరుచుకుంటుంది.

తెలివంతా గోళీకీ గొట్టానికీ మధ్య ఉన్న సందులో ఉంది. ఆ సందు వెంట్రుకవాసి. గోళీ ముందుకు పోవాలంటే దాని ముందున్న గాలి ఆ సందులోంచే వెనక్కి రావాలి. ఆ గాలి గోళీకి కళ్లెం వేస్తుంది. ఎవరో బానెట్ మీద సుత్తితో కొట్టారనుకుందాం. కుదుపు తీవ్రంగానే ఉంటుంది, కానీ ఉండేది ఒకటి రెండు మిల్లీసెకన్లు. గోళీ కాస్త కదిలేలోపే అయిపోతుంది, అయస్కాంతం దాన్ని వెనక్కి లాగేసుకుంటుంది. రోడ్డు మీద గుంత కూడా అంతే. గోడను గుద్దినప్పుడైతే కుదుపు విడవకుండా సాగుతుంది, గోళీ చివరిదాకా ప్రయాణం చేస్తుంది. అంటే ఈ గొట్టం కొలుస్తున్నది దెబ్బ ఎంత గట్టిగా తగిలిందన్నది ఒక్కటే కాదు. కారు మొత్తం మీద ఎంత వేగం పోగొట్టుకుందో కూడా లెక్కగడుతోంది. చిప్పు లేదు, సాఫ్ట్‌వేర్ లేదు. గాలి, అయస్కాంతం, గోళీ మాత్రమే.

ఆలెన్ తమ్ముడు డేవిడ్ బ్రీడ్ కూడా ఈ రంగంలోనే పేటెంట్ల మీద పేటెంట్లు సంపాదించాడు. పక్క నుంచి గుద్దితే ఎలా అన్నది ఆయన తీసుకున్న ప్రశ్నల్లో ఒకటి. ముందు నుంచి గుద్దితే నలగడానికి బానెట్, ఇంజిన్ ఉంటాయి. పక్కన ఉండేది తలుపు ఒక్కటే. మనిషికీ ఆ తలుపుకీ మధ్య చెయ్యి పట్టేంత జాగా. ముందు ఢీకి దొరికే సమయంలో సగం కూడా ఇక్కడ దొరకదు. పక్క ఢీని పసిగట్టే సెన్సర్‌పై ఆయనకు 1993లో పేటెంటు వచ్చింది. దాని మీద బీఎండబ్ల్యూ తదితర కార్ల కంపెనీలతో వ్యాజ్యం నడిచి, 2007లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తీర్పిచ్చింది. కదిలే ముక్కలున్న యాంత్రిక సెన్సర్‌ను పేటెంటులో వివరంగా చెప్పారు, ఎలక్ట్రానిక్ సెన్సర్ దగ్గరకు వచ్చేసరికి నాలుగు మాటలతో సరిపెట్టారు. రెండింటి మీదా హక్కు కావాలంటే రెండూ నేర్పాలి అని చెప్పి ఆ హక్కుల్ని కొట్టేసింది. పేటెంట్ న్యాయం చదివేవాళ్లకు ఇది పాఠంగా మారింది.

ఆ తీర్పు వచ్చేనాటికి గోళీల కాలం ముగిసింది. 1990ల మొదట్లో అనలాగ్ డివైసెస్ అనే అమెరికా కంపెనీ ఏడీఎక్స్ఎల్50 పేరుతో ఓ చిప్పు తెచ్చింది. సిలికాన్‌లో చెక్కిన అతి సన్నని పళ్ల దువ్వెన, కుదుపుకు ఓ పిసరు ఊగుతుంది. ఆ ఊగుకు పళ్ల మధ్య విద్యుత్ ధారకత మారుతుంది. ఆ మార్పే కొలత. భూమ్యాకర్షణకు 50 రెట్ల వరకు కొలవగలిగేలా, ఎయిర్‌బ్యాగుల కోసమే చేసిన చిప్పు అది. కారు ముందు భాగంలో అక్కడక్కడా పెట్టే గోళీ గొట్టాల పని, ఇప్పుడు కారు మధ్యలో కూర్చున్న ఒక్క పెట్టె చూసుకోవడం మొదలైంది. ఫోను అడ్డంగా తిప్పితే తెర తిరగడం వెనక ఉన్నది కూడా ఈ జాతి చిప్పే.

దాచిన శక్తి, దారితప్పిన శక్తి

ప్రమాదం జరిగిందని తెలిసింది. ఇప్పుడు సంచి నింపాలి. దానికి శక్తి రెండు చోట్ల దాగి ఉంటుంది.

మొదటిది విద్యుత్తు. ఎయిర్‌బ్యాగులో రసాయనాన్ని వెలిగించే చిన్న తీగకు 1.2 ఆంపియర్ల కరెంటు 2 మిల్లీసెకన్ల పాటు అందితే చాలు. కారులో అంత పెద్ద బ్యాటరీ ఉండగా ఇదో లెక్కా అనిపిస్తుంది. కానీ బ్యాటరీ ఉండేది చాలా కార్లలో బానెట్ కింద, అంటే ముందుగా నలిగే చోట. గుద్దిన తొలి క్షణాల్లోనే దాని తీగలు తెగిపోవచ్చు. అందుకే కంట్రోల్ పెట్టెలో ఓ కెపాసిటర్‌ను ఎప్పుడూ నింపి ఉంచుతారు. కరెంటు పోయినా డాబా మీది ట్యాంకులో నీళ్లున్నట్టు, బ్యాటరీ తెగినా ఆ కొంచెం విద్యుత్తు సంచిని వెలిగిస్తుంది. పని తెలిసిన మెకానిక్ స్టీరింగ్ విప్పే ముందు బ్యాటరీ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగడం దీని వల్లే. ఆ కెపాసిటర్ ఖాళీ కాకముందు చెయ్యి పెడితే సంచి ముఖం మీదే పేలవచ్చు.

రెండోది రసాయనం. సంపీడన గాలితో కాని పనిని 1960ల చివర్లో సోడియం అజైడ్ చేసి చూపింది. సుమారు 300 డిగ్రీల వేడి తగిలితే అది విడిపోయి నత్రజని వాయువు వెలువడుతుంది. వంద గ్రాముల చిల్లర బిళ్లలు 60, 70 లీటర్ల సంచిని రెప్పపాటు కన్నా ముందే నింపేస్తాయి. నింపేది మనం పీల్చే గాలిలో అయిదింట నాలుగు వంతులుండే వాయువే. మిగిలిపోయే సోడియం ప్రమాదకరం కాబట్టి పొటాషియం నైట్రేట్, ఇసుకలోని సిలికా కలిపి దాన్ని గాజులాంటి పదార్థంగా మార్చేస్తారు. సంచికి వెనక కన్నాలుంటాయి. మనిషి తల వచ్చి ఆనేసరికే అది వాయువు వదలడం మొదలుపెట్టి ఉంటుంది. గట్టిగా బిగిసిన సంచి గోడతో సమానం.

అయితే సోడియం అజైడ్ విషం. కాలం తీరిన కార్లను తుక్కు చేసేటప్పుడు చిక్కులు. 1990ల చివర్లో కంపెనీలు వేరే రసాయనాలు వెతికాయి. ఎక్కువమంది గ్వానిడిన్ నైట్రేట్ లాంటివాటి వైపు వెళ్లారు. జపాన్‌కు చెందిన తకాటా మాత్రం చౌకగా దొరికే అమ్మోనియం నైట్రేట్‌ను ఎంచుకుంది. గనుల్లో పేలుళ్లకు వాడేది ఇదే. వేడెక్కి చల్లారే కొద్దీ దీని స్ఫటిక రూపం మారుతుంది, తేమను పీలుస్తుంది. ఏళ్ల తరబడి అలా జరిగి బిళ్లలు పొడి రాలాయి. పొడి రాలిన బిళ్ల కావలసిన దానికన్నా వేగంగా మండుతుంది. అప్పుడు పేలేది సంచి ఒక్కటే కాదు. దాన్ని పట్టి ఉంచిన లోహపు డబ్బా కూడా ముక్కలై డ్రైవర్ మీదికి దూసుకొస్తుంది. బతికి బయటపడాల్సిన చిన్న ప్రమాదాల్లో మనుషులు మెడ తెగి చనిపోయారు. ఒక్క అమెరికాలోనే మరణాలు 25 దాటాయి. అక్కడ వెనక్కి పిలిచిన ఇన్‌ఫ్లేటర్లు సుమారు 6.7 కోట్లు. ముందుగా మార్చాల్సిన ప్రాంతాల్లో ఎండా తేమా కలిసి ఉండే ఫ్లోరిడా, హవాయి లాంటివి పైన నిలిచాయి. విశాఖ నుంచి నెల్లూరు దాకా మన కోస్తా వాతావరణం కూడా అలాంటిదే. భారత్‌లో హోండా విడతలు విడతలుగా కార్లను పిలిచి ఆ భాగాలు మార్చింది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు తమ కారు ఛాసిస్ నంబరును ఆ జాబితాలో సరిచూసుకోవడం ఇప్పటికీ అవసరమే.

పరీక్షల ఫలితాలను తారుమారు చేసిన నేరాన్ని తకాటా 2017 జనవరిలో ఒప్పుకుంది. 100 కోట్ల డాలర్లు చెల్లించడానికి సిద్ధపడింది. జూన్‌లో దివాలా తీసింది. 2018లో దాన్ని కొన్నది కీ సేఫ్టీ సిస్టమ్స్. దివాలా తీసిన బ్రీడ్ టెక్నాలజీస్ నుంచి పుట్టుకొచ్చిన సంస్థే అది. గోళీ గొట్టం తయారైన ఇంటి వారసత్వమే చివరికి తకాటా శిథిలాలను మోసింది.

సీటులో ఎవరున్నారు?

తకాటాకు ముందే మరో విషాదం జరిగింది. 1990 నుంచి 2008 వరకు అమెరికాలో చిన్నపాటి ప్రమాదాల్లో ముందు ఎయిర్‌బ్యాగ్ తగలడం వల్లే 290 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలు ఎందరో. బెల్టు పెట్టుకోని పెద్ద మగవాడిని కూడా ఆపగలిగేంత బలంగా ఆనాటి సంచులను తయారుచేశారు. ఆ బలం పసిపిల్ల మెడకు ఏం చేస్తుందో ఆలోచించలేదు. చనిపోయినవాళ్లలో 80 శాతానికి పైగా బెల్టు పెట్టుకోనివారో, సరిగా పెట్టుకోనివారో.

సంచికి ఇంకో తెలివి కావలసి వచ్చింది. ఎప్పుడు అన్నది తెలిస్తే చాలదు, ఎదురుగా ఎవరు అన్నదీ తెలియాలి. సీటు కింద బరువు కొలిచే సెన్సర్లు వచ్చాయి. ఈ అన్వేషణలో ఓ ముచ్చటైన పాయ ఉంది. 1994లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో నీల్ గెర్షెన్‌ఫెల్డ్, జో పారడిసో బృందం పెన్ అండ్ టెల్లర్ అనే ఇంద్రజాలికుల జంట కోసం ఓ కుర్చీ చేసింది. కూర్చున్న మనిషి చేతులు గాల్లో ఆడిస్తే సంగీతం పలికే కుర్చీ. సీటులోంచి బలహీనమైన విద్యుత్ క్షేత్రం పంపి, శరీరం దాన్ని ఎలా మారుస్తోందో కొలవడమే అందులోని కిటుకు. అది చూసిన జపాన్ సంస్థ ఎన్‌ఈసీకి వేరే ఆలోచన వచ్చింది. ప్లాస్టిక్ చైల్డ్ సీటు ఆ క్షేత్రాన్ని ఒకలా మారుస్తుంది, కూర్చున్న మనిషి మరోలా. మాయాజాలం కోసం పుట్టిన కుర్చీలోంచి చంటిపాపను గుర్తుపట్టే కారు సీటు వచ్చింది. 2000లో అమెరికా నిబంధనలు మార్చింది. ముందు సీటులో పిల్లలుంటే సంచి తెరుచుకోకుండా ఆగడమో, మెత్తగా తెరుచుకోవడమో కార్లు నేర్చుకున్నాయి. అక్కడి ప్రభుత్వ లెక్కల ప్రకారం 1987 నుంచి 2017 వరకు ముందు ఎయిర్‌బ్యాగులు 50,457 మంది ప్రాణాలు కాపాడాయి.

మన దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులైలో. పక్క సీటుకు 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లలో, 2022 జనవరి నుంచి పాతవాటిలో. పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో తయారయ్యే కారెన్స్ 2022లో అన్ని రకాల్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులతో వచ్చింది. ప్రతి కారుకూ ఆరు ఉండాలన్న ముసాయిదాను మాత్రం కేంద్రం తెచ్చి, వాయిదా వేసి, 2023లో పక్కన పెట్టింది. ధర పెరుగుతుందన్న వాదనకు అర్థం లేకపోలేదు. కానీ పక్క నుంచి గుద్దితే కాపాడే సంచిని డబ్బున్నవాడి సౌకర్యంగా వదిలేయడం సరైన నిర్ణయం కాదు.

ఉన్న సంచులనైనా మనం పనిచేయనిస్తున్నామా అన్నది వేరే ప్రశ్న. డ్యాష్‌బోర్డు మీద ఎడమవైపు అతికించిన వినాయకుడి విగ్రహం కింద చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ మూత ఉంటుంది. గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో లేచే సంచి ఆ విగ్రహాన్ని ఎటు విసురుతుందో ఊహించడం కష్టం కాదు. దేవుడిని మరో చోట నిలుపుకోవచ్చు. పక్క సంచి సీటు అంచులోంచి వచ్చే కార్లకు మామూలు సీటు కవర్లు తొడిగితే అది చీల్చుకుని రాలేదు. ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డులు కారు నలిగే తీరునే మార్చేసి, సెన్సర్ల లెక్క తప్పిస్తాయి. కేంద్రం 2017 డిసెంబరులోనే వాటిని నిషేధించినా షాపుల్లో బిగిస్తూనే ఉన్నారు. అన్నిటికన్నా ఘోరం, బెల్టు అలారం మోగకుండా లాక్‌లో గుచ్చే దొంగ క్లిప్పు. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో ఆన్‌లైన్ అంగళ్ల నుంచి ఇలాంటివి 13 వేలకు పైగా తీసేయించింది. 2022లో దేశంలో బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. వాళ్లలో దాదాపు సగం మంది డ్రైవర్లు కాదు, పక్కనా వెనకా కూర్చున్నవాళ్లు. ఆ ఏడాది సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది కూడా వెనక సీట్లో, బెల్టు లేకుండానే. ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు తోడు మాత్రమే. బెల్టు లేని మనిషి తెరుచుకుంటున్న సంచి మీదికే వెళ్లి పడతాడు. ముందు సీట్లో ఒళ్లో కూర్చున్న పిల్లవాడైతే దానికీ పెద్దవాళ్ల ఛాతీకీ మధ్య ఇరుక్కుంటాడు. పిల్లల చోటు వెనక సీటే.

ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లతో, గుద్దుడును పసిగట్టే సెన్సర్‌కు మరో బాధ్యత వచ్చిపడింది. పెట్రోలు కారులో గుద్దుడు సంకేతం వెళ్లగానే ఇంధన పంపు ఆగుతుంది, తలుపుల తాళాలు ఊడతాయి. ఎలక్ట్రిక్ కారులో సీట్ల కింద పరిచింది వందల వోల్టుల బ్యాటరీ. ప్రమాదంలో ఆ కరెంటు కారు చట్రంలోకి పాకితే లోపలివాళ్లకే కాదు, రక్షించడానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బందికి కూడా ముప్పే. అందుకే కొన్ని కార్లలో బ్యాటరీ నుంచి వచ్చే లావుపాటి రాగి పట్టీ పక్కన ఎయిర్‌బ్యాగులో ఉండే లాంటి చిన్న పేలుడు మందు గుళికను అమరుస్తారు. సంచికి వెళ్లిన సంకేతమే దానికీ వెళ్తుంది. గుళిక పేలి, లోపలి కత్తిలాంటి ముక్క రాగి పట్టీని తెగ్గొడుతుంది. బ్యాటరీకీ కారుకీ మధ్య బంధం కొన్ని మిల్లీసెకన్లలో తెగిపోతుంది. ఫ్యూజుల ఇంజినీర్లు 1960ల్లో కారులోకి తెచ్చిన పద్ధతి ఇప్పుడు దాచిన శక్తిని విడుదల చేయడంతో పాటు, దాన్ని ఉన్నచోటే ఆపే పని కూడా చేస్తోంది.